ఉంగరం వేలికి గాజు

స్లైడు గిటార్ లోకంలో (స్లైడు అంటే వేలికి తొడిగి తీగల మీద జార్చే గాజు గొట్టమో, లోహపు గొట్టమో) అడ్డబొట్టు, నిలువుబొట్టు తగాదా లాంటిది ఒకటుంది. స్లైడు చిటికెన వేలికి తొడగాలా, ఉంగరం వేలికి తొడగాలా అని. బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం) పెద్దల్లో మడ్డీ వాటర్స్ చిటికెన వేలికి తొడిగాడు. ఆల్మన్ బ్రదర్స్ బృందం డ్వేన్ ఆల్మన్ ఉంగరం వేలికి తొడిగాడు. బానీ రైట్ ఈ ఇద్దరినీ పక్కన పెట్టి మధ్యవేలికి తొడుగుతుంది. ఆవిడ వాయించడం విన్నాక ఎవరూ కిక్కురుమనరు. వేలిలో ఏముందిలే అనుకునేరు, చాలా ఉంది. చిటికెన వేలికైతే మిగతా మూడు వేళ్ళూ ఖాళీ, మధ్యమధ్యలో తీగ నొక్కి మామూలు స్వరాలూ పలికించుకోవచ్చు. ఉంగరం వేలికైతే పట్టు గట్టిది, వైబ్రాటో (స్వరం వణికించడం) నిబ్బరంగా వస్తుంది, వెనకున్న రెండు వేళ్ళతో తీగల రొద అణిచెయ్యవచ్చు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది కనకనే తగాదా తెగదు.

చికాగో పశ్చిమాన అరోరాలో తెలుగువాళ్ళకి ఆదివారం అంటే వెంకటేశ్వరస్వామి గుడి, కాంటీన్ పులిహోర. ఆ గుడి నుంచి కారులో పది నిమిషాల్లో ఊరి నడిబొడ్డున లీలాండ్ టవర్ అని పాత హోటల్ భవనం ఉందనీ, 1937 మే నెలలో బ్లూస్ గాయకుడు సనీ బాయ్ విలియమ్సన్ ‘గుడ్ మార్నింగ్ స్కూల్ గర్ల్’ రికార్డు చేసింది అక్కడేననీ, పక్కన గిటార్లు పట్టింది బిగ్ జో విలియమ్స్, రాబర్ట్ నైట్‌హాక్ అనీ ఆ భక్తుల్లో నలుగురికి మాత్రం తెలుసు. ఆ నలుగురూ దర్శనమయ్యాక పులిహోర పొట్లాలతో ఒకరింటి బేస్‌మెంట్లోకి దిగుతారు. వాళ్ళకి ఇంటిపేర్లు అక్కర్లేదు, ఎవరు ఏ బాణీ బ్లూస్ పక్షమో ఆ పేరు చాలు: చికాగో, టెక్సాస్, డెల్టా, ఆల్మన్. ఇల్లు ఆల్మన్‌గారిది. అత్తగారు తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చి ఉన్నారు.

ఆ ఆదివారం ఆల్మన్‌గారికి కొత్త స్లైడు వచ్చింది. మామూలు గొట్టం కాదు, మందు సీసా. దానికో కథ ఉంది. 1968లో డ్వేన్‌కి జలుబు చేస్తే తమ్ముడు గ్రెగ్ పుట్టినరోజు కానుకగా తాజ్ మహల్ మొదటి ఎల్పీ, దాంతో పాటు కోరిసిడిన్ బిళ్ళల సీసా ఇచ్చాడు. (తాజ్ మహల్ అంటే ఆగ్రాది కాదు, గాయకుడు.) ఆ ఎల్పీలో ‘స్టేట్స్‌బరో బ్లూస్’ ఉంది, బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో పాడిన పాట. డ్వేన్ బిళ్ళలు పారబోసి, లేబుల్ కడిగేసి, సీసా వేలికి దూర్చి, ఆ పాట మీద కూర్చున్నాడు. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ కచేరీలో అదే పాటని అదే తరహా సీసాతో మోగించాడు. జలుబు మందుకి ఇంతకన్నా గొప్ప గతి పట్టిన దాఖలా లేదు.

ఇప్పుడా సీసా నమూనాలు ప్రత్యేకంగా చేసి అమ్ముతున్నారు. ఆల్మన్‌గారు తెప్పించుకున్నది మీడియం. సీసా అన్నాక అడుగు ఉంటుంది. మామూలు స్లైడుకి రెండు వైపులా బొక్కే. దీనికి ఒక వైపే. తరవాతి కష్టమంతా ఆ అడుగులోనే ఉంది.

స్లైడు కొనేముందు వేలి మధ్య కణుపు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, మిల్లీమీటర్లలో కొలిచి, 3.14తో భాగించాలి. వచ్చిన అంకె కన్నా లోపలి వెడల్పు ఒక్క పిసరు ఎక్కువుండాలి. కొలవాల్సింది వేలి మొదలు కాదు, కణుపే, ఎందుకంటే వేలి మొత్తంలో లావైన చోటు అదే. ఆల్మన్‌గారి ఉంగరం వేలి కణుపు 66 మిల్లీమీటర్లు, అంటే వెడల్పు 21. సీసా 19. ఈ లెక్కలన్నీ సీసా ఇరుక్కున్నాక కట్టినవని వేరే చెప్పక్కర్లేదు. ముందైతే ఆయన సీసాని వేలికి ఆనించి, ఊపిరి బిగబట్టి, బల్లకేసి ఒక్క పోటు పొడిచారు. కణుపు దాటింది. “చూశారా, ఎంత బిగువుగా కూర్చుందో!” అన్నారు.

ఇరవై నిమిషాలు వాయించారు. అంతకుముందు ఓపెన్ ఇ శ్రుతి (తీగలేవీ నొక్కకుండా మీటినా ఇ మేజర్ పలికే శ్రుతి) చేస్తూ నాలుగో తీగ తెంపుకున్నారు కూడా. ఓపెన్ ఇ కావాలంటే అయిదో తీగ, నాలుగో తీగ ఒక్కో మెట్టు, మూడోది అరమెట్టు బిగించాలి. పాత తీగలు దాన్ని సహించవు. “ఓపెన్ డి చేసి రెండో ఫ్రెట్ మీద, అంటే మెడ మీది రెండో అడ్డకమ్మీ దగ్గర, కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే బిగింపు) పెట్టుకుంటే అదే శ్రుతి. ఒకటి, రెండు, మూడు, ఆరు తీగలు వదులు చెయ్యడమే, తెగేది లేదు” అని డెల్టా ఎప్పటిలాగే ఆలస్యంగా చెప్పాడు. తీగ మార్చారు, సాగించారు. స్లైడు ఆనాల్సింది ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా పైన. వెనక ఆనితే శ్రుతి దిగుతుంది, గట్టిగా అదిమితే కమ్మీకి కొట్టుకుని కటకటమంటుంది. వాయింపు గురించి ఇంతకన్నా వివరాల్లోకి వెళ్ళకపోవడం మర్యాద.

ఆ తరవాత పులిహోర తిందామని సీసా లాగారు. రాలేదు. మళ్ళీ లాగారు. వేలి చర్మం ముడతలుగా కణుపు దగ్గర పోగయ్యి ఇంకా లావెక్కింది. ఇరవై నిమిషాల వేడికి వేలు ఉబ్బింది. ఎక్కించేటప్పుడు సీసాలో గాలి బయటికి పోయింది, ఇప్పుడు లోపలికి రావడానికి సందు లేదు. లాగినకొద్దీ సీసానే వేలిని లోపలికి పీల్చుకుంటోంది.

స్నేహితులన్నాక ఆదుకోవాలి. ముగ్గురూ ఒక్కసారే నోరు తెరిచారు.

“జానీ వింటర్ ప్లంబింగ్ గొట్టం ముక్క కోయించి చిటికెన వేలికి పెట్టుకున్నాడు. రెండు వైపులా బొక్క. గాలి ఆడుతుంది” అన్నాడు టెక్సాస్.

“హౌండ్ డాగ్ టేలర్ కుర్చీ కాలు కోసి లోపల ఇత్తడి తొడుగు వేయించుకున్నాడు. ఎడమ చేతికి ఆరు వేళ్ళు ఆయనకి. అన్ని వేళ్ళున్నా ఒక్కటీ ఇరుక్కోలేదు. ఆయన పాటలు వెయ్యడానికే 1971లో అలిగేటర్ రికార్డు కంపెనీ పెట్టారు తెలుసా?” అన్నాడు చికాగో.

“1903లో టట్‌వైలర్ రైలు స్టేషన్లో సంగీతకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ చూసినవాడు కత్తి పెట్టి వాయించాడు. కత్తి వేలికి ఇరుక్కోదు” అన్నాడు డెల్టా.

“సుత్తి ఉందా?” అన్నాడు టెక్సాస్. గాజు సీసాని వేలి మీద ఉండగా సుత్తితో కొడితే ఆ మీదట స్లైడే కాదు, గిటారే అక్కర్లేకుండా పోతుంది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ముగ్గురూ కలిశారు, టెక్సాస్‌తో సహా.

గాజులో ఒక సుగుణం, లోపల గోరు కనిపిస్తుంది. గులాబీ రంగున్నంత సేపు ఫరవాలేదు. నీలం తిరిగినా, వేలు మొద్దుబారినా ఇంటి వైద్యం మానేసి ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. ఎమర్జెన్సీ అన్న మాట వినగానే ఆల్మన్‌గారికి గోరు కన్నా ముందు మొహం రంగు మారింది. అమెరికాలో సీసా ఖరీదు వేరు, సీసా తీయించుకునే ఖరీదు వేరు.

ఈ గొడవకి అత్తగారు మెట్లు దిగి వచ్చారు. వేలు చూశారు.

“ఇదేమిటి అల్లుడుగారూ, ఉంగరం వేలికి గాజు వేసుకున్నారు?”

ఎవరూ మాట్లాడలేదు.

“కొలత చూసుకోరా? మేం గాజుల కొట్లో రెండు నాలుగు, రెండు ఆరు అని అడిగి మరీ తీసుకుంటాం. ఇదెంత?”

“మీడియం అత్తయ్యగారూ.”

“మీడియం ఏమిటి, చొక్కానా?”

ఆవిడ మాటలో విషయం ఉంది. మన గాజుల కొలత అంగుళంలో పదహారో వంతుల లెక్క: రెండు ఆరు అంటే రెండు అంగుళాల ఆరు పదహారో వంతులు. అంత లెక్క ఉన్న దేశం నుంచి వచ్చి ఈయన మీడియం కొన్నారు.

“ముందు లాగడం ఆపండి. చెయ్యి గుండె కన్నా పైకెత్తి పది నిమిషాలుంచండి. వాపు దిగాలి” అని ఆవిడ సబ్బు కోసం పైకెళ్ళారు.

పది నిమిషాలు! ఆల్మన్‌గారు చెయ్యెత్తి నిలబడ్డారు. మిగిలిన ముగ్గురూ ఆ పది నిమిషాలకి ఏ రికార్డు పెట్టాలన్న దానికి దిగారు. ‘విప్పింగ్ పోస్ట్’ పెట్టమని చెయ్యెత్తినవారే అడిగారు. ఫిల్‌మోర్ ఆల్బంలో అది 23 నిమిషాలు, ఎల్పీలో ఒక పక్కంతా అదే. చెయ్యి పడిపోతుందని తోసిపుచ్చారు. చికాగో 1948 నాటి ‘ఐ కాంట్ బి సాటిస్‌ఫైడ్’ అన్నాడు. మడ్డీ స్లైడు, బిగ్ క్రాఫర్డ్ బాస్, ఇంకేం లేదు, ఇంకేం అక్కర్లేదు. కానీ మూడు నిమిషాల లోపే అయిపోతుంది. డెల్టా 1927లో డల్లాస్‌లో బ్లైండ్ విల్లీ జాన్సన్ మూలిగిన ‘డార్క్ వాజ్ ద నైట్’ అన్నాడు. వాయేజర్ అంతరిక్ష నౌకలో ఎక్కి సూర్యుడి పొలిమేర దాటిన రికార్డు అది. చెయ్యి పైకెత్తిన మనిషి ముందు అది పెడితే చావింటి కళ వస్తుందని టెక్సాస్ అడ్డం పడ్డాడు. ఆఖరికి సంధి కుదిరింది. ‘స్టార్మీ మండే’. టెక్సాస్‌లో పుట్టిన టీ-బోన్ వాకర్ 1947లో పాడిన పాట, కానీ ఆల్మన్ బృందం ఫిల్‌మోర్‌లో వాయించిన తీరు, ఎనిమిది నిమిషాల పైచిలుకు. దాని వెనక మడ్డీ పాట. అతికితే పది దాటింది. ఆ ‘స్టార్మీ మండే’లో డ్వేన్ స్లైడు ముట్టుకోకుండా వాయించాడన్న సంగతి ఆ క్షణాన ఎవరూ ఎత్తలేదు.

పాట నడుస్తుండగా చికాగో తన పాత కచేరీ కథ ఎత్తుకున్నాడు. బడ్డీ గై తన క్లబ్బులో వేదిక దిగి, వాయిస్తూనే జనంలోకి నడిచొస్తాడని బ్లూస్ వినేవాళ్ళందరికీ తెలుసు. చికాగో మొదటిసారి చెప్పినప్పుడు బడ్డీ ఆయన బల్లకి పదడుగుల దూరంలో వెళ్ళాడు. నిరుడు మూడడుగులైంది. ఈసారి మోచెయ్యి తగిలింది. వచ్చే ఏడాదికి బడ్డీ గై పులిహోర కూడా తినేలా ఉన్నాడు.

అత్తగారు గిన్నెలో చన్నీళ్ళు, అంట్లు తోమే సబ్బు నీళ్ళు, గుడి నుంచి తెచ్చిన దండలోంచి లాగిన దారం పట్టుకుని దిగారు. వేలు చన్నీళ్ళలో రెండు నిమిషాలు. సీసా అంచు చుట్టూ సబ్బు. దారం సబ్బులో ముంచి, వేలికీ గాజుకీ మధ్య ఎముక తగలని చోట, అంటే అరచేతి వైపు మెత్తటి కండ దగ్గర, పుల్లతో కణుపు దాటేదాకా నెట్టారు. దారం వెంట గాలి దూరే సందు. “వేలు కొంచెం వంచండి. లాగద్దు, తిప్పండి. మర తిప్పినట్టు.” ముడతలు పడ్డ చర్మాన్ని రెండో చేత్తో వెనక్కి లాగి పట్టుకున్నారు. అటు ఒక తిప్పు, ఇటు ఒక తిప్పు.

టప్!

గోలీ సోడా కొట్టినట్టు మోగింది. ఆ సాయంత్రం ఆ సీసా పలికిన స్వరాల్లో శ్రుతిలో ఉన్నది అదొక్కటే అని డెల్టా తీర్పు.

“మా తెనాలిలో గోటువాద్యం కచేరీలు విన్నాం” అన్నారు అత్తగారు చేతులు తుడుచుకుంటూ. “వీణ లాంటిదే, తీగల మీద ఇలాగే జారుస్తారు. కట్టె చేత్తో పట్టుకుంటారు, దాంట్లోకి దూరరు.”

ఆల్మన్‌గారు ఎర్రబడ్డ వేలికి కాగితం పట్టీ చుట్టి, 66ని 3.14తో భాగించి, ఈసారి అడుగు లేని స్లైడు, లోపల 22 మిల్లీమీటర్లు, ఆర్డరు పెట్టారు. పాత సీసా టెక్సాస్ చిటికెన వేలికి సరిపోతుందేమో చూద్దామని వెతికితే కనిపించలేదు. అత్తగారు కడిగి, తుడిచి, పూజగదిలో దీపం పక్కన పెట్టేశారు. నిండా పత్తి ఒత్తులు.

“తీసుకోవచ్చా అత్తయ్యగారూ?”

“దేవుడి దగ్గర పెట్టింది తియ్యకూడదు.”