శారీ గార్డు వధ

ఇంటి దగ్గరే, తక్కువ ఖర్చుతో స్ట్రీట్‌ఫైటర్ బండిని, అంటే పైతొడుగులు విప్పేసి మోటుగా కనిపించే బండిని, తయారు చేసుకోదలచిన యువకుడు మొట్టమొదట నిర్వర్తించవలసిన కర్తవ్యం వెనక చక్రం పక్కనున్న శారీ గార్డును ఊడబెరకడం. చైన్ సాగిపోయిందా, బ్రేకులు అరిగిపోయాయా, షాకబ్జర్ల నుంచి ఆయిలు కారుతోందా అన్నవి తరవాత తీరిగ్గా, వీలైతే వచ్చే జన్మలో చూసుకోవలసిన సంగతులు. ఊరేదైనా, బండి ఏదైనా, ఈ ఒక్క ఆచారానికి మినహాయింపు లేదు. ఒక పానా, నాలుగు బోల్టులు, కొద్దిపాటి నిర్దయ ఉంటే చాలు. పైసా ఖర్చులేని మార్పు కనుక బడ్జెట్ శాస్త్రంలో దీనికే అగ్రపూజ.

ఈ కళకు గౌరవనీయమైన చరిత్ర ఉందని ముందుగా అంగీకరించాలి. 1980లలో ఐరోపాలో, ముఖ్యంగా ఇంగ్లండులో, 1985 నాటి సుజుకి జిఎస్‌ఎక్స్-ఆర్ 750 లాంటి రేసు బళ్ళు కొనుక్కుని కింద పడినవారికి ఒక చిక్కు వచ్చింది. ఇంజను బాగానే ఉంది, దాన్ని కప్పే ఫెయిరింగ్ అనే తొడుగు మాత్రం ముక్కలైంది, కొత్తది కొనాలంటే ఆస్తులు కరిగిపోయేట్టున్నాయి. మళ్ళీ పగలగొట్టుకోవడానికి ఇంత డబ్బు పోయడం ఎందుకని, వాళ్ళు ఆ తొడుగంతా తీసేసి, వెడల్పాటి హ్యాండిల్ బార్ బిగించి, ముందు రెండు గుండ్రటి లైట్లు తగిలించుకుని దర్జాగా తిరిగారు. ఆ అవతారం చూసి కంపెనీలకే ముచ్చటేసింది. ట్రయంఫ్ 1994లో స్పీడ్ ట్రిపుల్‌ను తెచ్చింది, డుకాటీ అయితే 2009లో స్ట్రీట్‌ఫైటర్ అన్న పేరుతోనే ఒక బండిని అమ్మకానికి పెట్టింది. అంటే అది పడిపోయిన బండిని లేవనెత్తడానికి చేతిలో డబ్బులేని వాడు కనిపెట్టిన ఉపాయం.

మన వీరుడి కష్టం వేరు. అతడి చేతిలో ఉన్నది సెకండ్ హ్యాండ్ పల్సర్ 150. హెడ్‌లైటు చుట్టూ ఉన్న చిన్న ముసుగు తప్ప దానికి విప్పడానికి ఫెయిరింగే లేదు. విప్పనిదే స్ట్రీట్‌ఫైటర్ కాదని శాస్త్రం చెబుతోంది. అప్పుడతడు బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, ఇంకా ఏం మిగిలి ఉన్నాయో లెక్క చూసుకుంటాడు. శారీ గార్డు, వెనక మడ్‌గార్డు, పట్టుకునే గ్రాబ్ రైలు, చైన్ కవరు కనిపిస్తాయి. నడిపేవాడికి కాక పక్కవాళ్ళకు పనికొచ్చే భాగాలు బండి మీద ఏవేవి ఉన్నాయో సరిగ్గా అవే అతడి కంటికి అనవసరపు బరువుగా తోచడం యాదృచ్ఛికమని నమ్మేంత మంచివాళ్ళం కావడానికి మనం శాయశక్తులా ప్రయత్నించాలి.

ఆదివారం నాడు పోర్టికోలో శస్త్రచికిత్స మొదలవుతుంది. అద్దెకు తెచ్చిన కటింగ్ మిషనుతో సీటు కింది ఫ్రేము గొట్టాన్ని కోస్తారు, ఎందుకంటే తోక ఆకాశాన్ని చూడకపోతే పరువు దక్కదు. పెట్రోలు ట్యాంకు దాని స్థానంలోనే ఉంటుంది, నిప్పురవ్వలు దాని మీదే పడుతుంటాయి. బ్యాటరీ వైరు తీయకుండానే వెల్డింగు జరుగుతుంది. విజయవాడ ఆటోనగర్ నుంచి బేరమాడి తెచ్చిన కేటీఎం డ్యూక్ బండి ముందు షాకబ్జర్లు పల్సర్ మెడలో దిగవు కాబట్టి లేత్ మిషను దగ్గరకు ఊరేగుతాయి. 100/90 టైరు కోసం పుట్టిన సన్నటి రిమ్ము మీద 150/60 టైరును ఎక్కించగా, అది అంచులు ముడుచుకుని ఉబ్బి, చైనును ఒరుసుకుంటూ మూలుగుతుంది. ఆ మూలుగును ఎగ్జాస్ట్ నోట్, అంటే సైలెన్సర్ గర్జన, అనుకుని మిత్రబృందం చప్పట్లు కొడుతుంది. చివరగా మ్యాట్ బ్లాక్ స్ప్రే డబ్బా ఒకటి ఖాళీ అవుతుంది, దాంతో పాపాలన్నీ కప్పబడతాయి.

ప్రారంభోత్సవానికి అమ్మ కావాలి. అదే రోజు బంధువుల గృహప్రవేశం ఉంది మరి. పట్టుచీర కట్టుకుని, చేతిలో స్టీలు గిన్నె గిఫ్టు ప్యాకెట్టుతో వచ్చిన ఆ తల్లి తన భుజం ఎత్తుకు లేచిన సీటును చూసి కాసేపు నిలబడిపోతుంది. "ఎక్కమ్మా, ఏం కాదు" అంటాడు కుమారుడు. అరుగు మీద నుంచి, నాన్న చెయ్యి ఆసరాతో, మొత్తానికి ఒక పక్కకు తిరిగి కూర్చుంటుంది. సీటు ముందుకు వాలి ఉంది కనుక ఆమె జారి అతడి వీపు మీద వాలుతుంది. కాలు పెట్టుకునే మెట్టు గార్డుతో పాటే వెళ్ళిపోయింది కనుక పాదాలు గాలిలో ఉంటాయి. ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకోవాలి, ఒక చేత్తో గిన్నె పట్టుకోవాలి, పడిపోకుండా ఉండటానికి మూడో చెయ్యి కావాలి.

"గట్టిగా పట్టుకోమ్మా."

"దేన్ని పట్టుకోమంటావురా?"

ప్రశ్న సమంజసమే కానీ డిజైనులో దానికి సమాధానం లేదు. నిన్న రాత్రి వాన పడింది, మడ్‌గార్డు లేదు, వీధి మలుపు తిరిగేలోగా పట్టుచీర వీపున బురద జరీ అంచు వచ్చి చేరుతుంది. గృహప్రవేశంలో నలుగురూ అడిగితే కొత్త మోడల్ బండి అని చెప్పుకోవచ్చు.

నవ్వుకున్నది చాలు. ఆ పక్కనే, జానెడు దూరంలో, ఊచలూ చైనూ ఏ అడ్డూ లేకుండా తిరుగుతున్నాయి. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం వెనక కూర్చునే వారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని, పట్టుకోవడానికి చేతి పట్టు, కాలికి ఫుట్‌రెస్ట్ ఉండాలని చెబుతోంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాసుకున్నాం. రాసుకుని ఏం చేశాం? చెవికి తగిలే సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించి ఫొటోలు దిగాం. శారీ గార్డు లేని బండిని ఆపి అడిగిన పోలీసు ఎక్కడైనా ఉంటే ఆయనకు సన్మానం చేయాలి. అది శబ్దం చేయదు కదా, ఆడవాళ్ళ మెడకు మాత్రమే తగులుతుంది కదా! చున్నీ చక్రంలో చుట్టుకుని ప్రాణం పోయిందన్న వార్త జిల్లా పేజీలో ఒక మూలన వస్తుంది, అందులో "ప్రమాదవశాత్తు" అన్న మాట తప్పనిసరిగా ఉంటుంది. ప్రమాదం ఎలా అవుతుంది? కంపెనీ బిగించి ఇచ్చిన కవచాన్ని పానా పెట్టి ఒక్కొక్క బోల్టే విప్పినవాడు నిద్రలో విప్పాడా? అందం చెడుతుందని విప్పాడు! వెనక కూర్చునే మనిషి ప్రాణం కన్నా చక్రం కనబడటం ముఖ్యమని తేల్చుకుని విప్పాడు!

అతడి దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. ఇది సింగిల్ సీటు బండి, వెనక ఎవరూ ఎక్కరు అంటాడు. చాలా సంతోషం. అయితే ఆ వెనక సీటు ముక్కను కూడా కోసేసి, ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళి ఆర్‌సీలో ఒకరే కూర్చునే బండి అని మార్పించుకోవచ్చు. ఆ పని మాత్రం చేయడు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద ఆ అరచెయ్యంత సీటు మీద కూర్చోవలసిన అమ్మాయి ఒకరు ఉన్నారు. ట్యాంకు మీద టైరు సైజు, షాకబ్జర్ల పేరు, ఖర్చయిన మొత్తం పెద్ద పెద్ద అక్షరాలతో స్టిక్కరు వేయించాడు కదా, ఆమె తన చున్నీని ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆ పక్కనే రాయించమనండి.