ఆంక్షలు చెప్పారు, నీళ్ల వేళలు చెప్పలేదు

2021 జూన్ 8న తెలంగాణ రాష్ట్ర మంత్రివర్గం కోవిడ్ లాక్‌డౌన్‌ను మరో పది రోజులు పొడిగిస్తూ, సడలింపును ఉదయం 6 నుంచి సాయంత్రం 5 గంటల దాకా పెంచింది. ఏడు శాసనసభ నియోజకవర్గాలకు మాత్రం ఆ వెసులుబాటు దక్కలేదు. సత్తుపల్లి, మధిర, నల్లగొండ, నాగార్జునసాగర్, దేవరకొండ, మునుగోడు, మిర్యాలగూడలో పాత పద్ధతే కొనసాగింది. అంటే మధ్యాహ్నం 1 గంటకే దుకాణాలు మూయాలి. ఆ ఏడింటిలో ఐదు మన నల్లగొండవే. కేసులు తగ్గని చోట కట్టడి ఉండాల్సిందే కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది దాన్ని జనానికి చేరవేసిన తీరు.

చౌటుప్పల్‌లో కిరాణా కొట్టు నడిపే మనిషికి ఆ ప్రకటన ఎలా అర్థం కావాలి? చౌటుప్పల్ యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది, కానీ మునుగోడు నియోజకవర్గం కిందికి వస్తుంది. ప్రకటన ప్రకారం 1 గంటకే షట్టర్ దించాలి. అదే విజయవాడ రహదారి మీద కాస్త ముందుకు వెళితే చిట్యాల వస్తుంది. ఊరు నల్లగొండ జిల్లాదే అయినా నియోజకవర్గం నకిరేకల్. అక్కడ 5 దాకా అమ్ముకోవచ్చు. మనిషికి తన ఊరు తెలుసు, మండలం తెలుసు, జిల్లా తెలుసు. నియోజకవర్గం హద్దు ఏ పొలం గట్టు దగ్గర మారుతుందో ఎన్నికల అధికారులకు తప్ప ఎవరికి గుర్తుంటుంది? హైదరాబాద్‌లో తీసుకున్న నిర్ణయాన్ని ‘మన పట్టణంలో ఈ రోజు నుంచి ఇలా’ అని విప్పి చెప్పాల్సింది పట్టణానికి అతి దగ్గరగా ఉన్న పాలన. అంటే మున్సిపాలిటీ.

కోవిడ్ నడిచిన 2020, 2021లో మున్సిపాలిటీలు మాట్లాడలేదని కాదు. మాట్లాడాయి, కానీ ఒకే రకం మాట మాట్లాడాయి. 2020 వేసవిలో మా వీధికి వచ్చిన మైకు ఆటో ఇంకా చెవిలో ఉంది. బయటికి రావద్దు, గుమిగూడవద్దు, చేతులు కడుక్కోండి, మాట వినకపోతే కేసు పెడతాం. మా ఎదురింటి పెద్దావిడ గేటు పట్టుకుని నిలబడి, ‘బిడ్డా, నల్లా ఎప్పుడు వదులుతారు?’ అని అడిగింది. ఆటో నడిపే పిల్లవాడికి తెలియదు. పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసి ఇచ్చిన మాటను తిప్పడమే అతని పని. ఆటో మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఆవిడ అలాగే నిలబడింది.

మర్నాడు జవాబు వచ్చింది. నీళ్లు వదిలే అతను వాల్వు తిప్పడానికి వచ్చి, మూలమీది ఇంటి ప్రహరీ గోడ మీద సుద్దముక్కతో రాసిపోయాడు: ‘బుధ, శని. పొద్దున 5.’ అంతే. ఆ ఏడాది మా వీధికి అందిన కబుర్లలో అంతకంటే పనికొచ్చింది మరొకటి లేదు. ఆ మాట రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు. పది గడపల వాళ్లు అడగడం చూసి తానే రాశాడు.

నీళ్ల వేళలు చిన్న విషయం కాదు, మన ప్రాంతంలో అసలే కాదు. నల్లగొండ ఫ్లోరైడ్‌తో తరతరాలుగా ఎముకలు వంగిన నేల. పానగల్లు ఉదయసముద్రం జలాశయం నుంచి వచ్చే నీరు ఒక పూట తప్పితే, పక్కింటి బోరు నీళ్లు తాగండి అనలేం. మహబూబ్‌నగర్‌కు రామన్‌పాడు నుంచి కృష్ణా నీళ్లు రావాలి. దారిలో ఎక్కడ పైపు పగిలినా పట్టణం బిందెలు పట్టుకుని ట్యాంకర్ చుట్టూ మూగుతుంది. గుంపు కట్టవద్దని మైకులో చెబుతూ, నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పకపోతే, ఆ గుంపును మనమే తయారు చేసినట్టు.

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు పెరిగినప్పుడు రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, డీజీపీ స్వయంగా ఆ పట్టణానికి వచ్చారు. విషయం ఎంత తీవ్రమో అందరికీ అర్థమైంది. కానీ బారికేడ్లు కట్టిన వీధిలో ఉన్న ఇంటికి కావలసిన సమాచారం వేరు. పాలు ఎవరు తెస్తారు, బీపీ మాత్రలు అయిపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఈ బారికేడ్ ఎప్పుడు తీస్తారు? పాలమూరు (మహబూబ్‌నగర్)లో పరిస్థితి ఇంకా కఠినం. ముంబయి, పుణె నుంచి ఇల్లు చేరిన కూలీ చేతి మీద క్వారంటైన్ ముద్ర పడింది. ఆ ఇంటికి పద్నాలుగు రోజులు కూరగాయలు ఎవరు అందిస్తారో, రేషన్ కార్డుపై మనిషికి ఇస్తామన్న 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఎలా అందుతాయో ఇంటి గడప దగ్గర చెప్పే మనిషి కావాలి. చాలాచోట్ల ఆ పని ఆశా కార్యకర్తల మీద, అంగన్‌వాడీ టీచర్ల మీద పడింది. 2021 మే నెలలో ఇంటింటి జ్వర సర్వేలో మందుల కిట్లు మోసుకుంటూ తిరిగింది కూడా వాళ్లే.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అప్పటి మున్సిపల్ పాలకవర్గాలు కొత్తవి. 2020 జనవరి 22న ఎన్నికలు, మార్చి 22న జనతా కర్ఫ్యూ. సరిగ్గా రెండు నెలలు. పారిశుద్ధ్య కార్మికులు భయాన్ని పక్కనపెట్టి రోజూ చెత్త ఎత్తారు, మందు పిచికారీ చేశారు. లోపం వాళ్ల కష్టంలో లేదు. పై నుంచి వచ్చిన ఉత్తర్వును కిందికి నెట్టడమే సమాచారం అనుకునే అలవాటులో ఉంది.

కబురును గడప దాకా చేర్చడానికి కావలసిన యంత్రాంగం కాగితం మీద లేకపోలేదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వృద్ధులకు, పట్టణ ప్రముఖులకు విడివిడిగా నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలి. నల్లగొండలో అప్పుడు 48 వార్డులు. లెక్క వేస్తే 2,880 మంది. మహబూబ్‌నగర్‌లో 49 వార్డులకు 2,940 మంది. పట్టణాల పారిశుద్ధ్యం, సౌకర్యాల కోసం ప్రభుత్వం తెచ్చిన ‘పట్టణ ప్రగతి’ కార్యక్రమాన్ని 2020 ఫిబ్రవరి 24న మొదలుపెట్టింది కూడా మహబూబ్‌నగర్‌లోనే. నెల తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చింది. ఒక్కో కమిటీ సభ్యుడు తన వరసలో పది ఇళ్లకు ఒక చీటీ అందించినా పట్టణంలో చాలా ఇళ్లకు కబురు చేరేది. నాకు గానీ, నేను అడిగిన వాళ్లకు గానీ, అలాంటి చీటీ ఒక్కటీ అందిన గుర్తు లేదు.

చెడు కబురు చెప్పడానికి వెనుకాడటం మరో జబ్బు. ‘ఈ వారం మా సిబ్బందిలో కొందరికి కోవిడ్ వచ్చింది, చెత్త ఆటో రోజు విడిచి రోజు వస్తుంది’ అని ఒక్క వాక్యం చెబితే జనం అర్థం చేసుకుంటారు. చెప్పకపోతే మూడో రోజుకు చెత్త మోరీలోకి చేరుతుంది, నాలుగో రోజుకు వదంతి మొదలవుతుంది. రాష్ట్ర స్థాయిలోనూ ఇదే తంతు నడిచింది. కరోనా బులెటిన్లలో వివరాలు సరిగా లేవని హైకోర్టు 2020లో పలుమార్లు మందలించాల్సి వచ్చింది.

ఆ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. కుర్చీలో ఎవరున్నా ఈ పనికి పెద్ద ఖర్చు లేదు, మరో మహమ్మారి కోసం ఆగనక్కరలేదు. వచ్చే ఎండాకాలం నీళ్ల వేళలతోనే మొదలుపెట్టవచ్చు. వార్డుకు ఒక గోడకు నల్లరంగు వేసి, నల్లా వచ్చే రోజులు, చెత్త ఆటో వచ్చే సమయం, మారితే మారిన కారణం, ఫోన్ ఎత్తే మనిషి పేరు ప్రతి సోమవారం రాయాలి. సుద్దముక్క పట్టుకుని రాయడానికి నీళ్లు వదిలే అతను మా వీధిలో ఇప్పటికీ ఉన్నాడు.