పెళ్ళిచూపుల్లో పళ్ళదారం

మా విజయనగరంలో ఏ నెల నడుస్తోందో తెలుసుకోవడానికి పంచాంగం చూడనక్కరలేదు. ఎదుటివాడు పన్ను సందు నుంచి ఏమి పీక్కుంటున్నాడో చూస్తే చాలు. సంక్రాంతికి ముందూ వెనకా తేగల పీచు. ఎండలు ముదిరాక మామిడి పీచు, దాని వెంటే పనసతొన. వానలు పడ్డాక మొక్కజొన్న గింజ మీది పొట్టు. ఈ చివరిది మహా మొండిది. చిగురుకూ పన్నుకూ మధ్య దూరి అక్కడే కాపురం పెడుతుంది. మాంసం పోగుకు కాలనియమం లేదు, ఆదివారం నియమం మాత్రం ఉంది.

వీటిని తీయడానికి మనవాళ్ళు వాడని ఆయుధం లేదు. చీపురుపుల్ల, అగ్గిపుల్ల, పిన్నీసు, గుండుసూది, అవేవీ అందకపోతే నాలుగు మడతలు పెట్టిన బస్సు టిక్కెట్టు. మూడు లాంతర్ల దగ్గర ఏ భోజన హోటల్లోనైనా గల్లాపెట్టె ముందు కాసేపు నిలబడండి. తిన్న పెద్దమనిషి ఒక చేయి నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో లోపల తవ్వకాలు జరుపుతూ, ఇచ్చిన చిల్లర సరిపోయిందో లేదో కళ్ళతోనే లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఆ అడ్డం పెట్టిన చేయి మర్యాద కోసం. దాని వెనక జరుగుతున్నదేమిటో ఊరంతటికీ తెలుసు.

ఈ ఆయుధశాలకంతటికీ అధిపతి మా పెదనాన్న. ఖజానా శాఖలో పద్దులు రాసి రిటైరైన మనిషి. మిగతా గుమస్తాలు చెవి మీద పెన్సిలు పెట్టుకుంటే, ఈయన పుల్ల పెట్టుకునేవారట. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని ఆయనకు చాలాకాలంగా తెలుసు. దానికి ఆయన కనిపెట్టిన వైద్యం, రక్తం వచ్చే చోట తోమడం మానెయ్యడం. “పుండు మీద ఎవరైనా రుద్దుతారా?” అనేవారు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది కాబట్టే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు.

చివరికి షుగరు డాక్టరు ఎదురు చెప్పాడు. షుగరుకూ చిగుళ్ళకూ రెండువైపులా రాకపోకలున్నాయట. షుగరు అదుపు తప్పితే చిగుళ్ళు తొందరగా చెడతాయి. చెడిన చిగుళ్ళు షుగరును ఓ పట్టాన అదుపులోకి రానివ్వవు. పళ్ళ డాక్టరుకు చూపించుకుని వస్తేనే మందుల చీటీ రాస్తానన్నాడు. పెదనాన్న నన్ను తోడు తీసుకుని, అయిష్టంగానే వెళ్ళారు.

ఆ డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ మాట నిక్కచ్చి. ఆయన చేతికి అద్దం ఇచ్చి, ఆయన నోటిని ఆయనకే చూపించింది. పళ్ళ మీద పేరుకునే పాచి అంటే సూక్ష్మజీవుల పొర. ఏ రోజు పాచి ఆ రోజు వదిలిస్తే పేచీ లేదు. వదిలించకుండా ఉంచితే, బోరు నీళ్ళ బకెట్టు అంచున తెల్లచార గట్టిపడినట్టు, లాలాజలంలోని ఖనిజాలు చేరి గారకడుతుంది. అప్పుడిక బ్రష్షుకు లొంగదు, డాక్టరు పనిముట్టుకే లొంగుతుంది. పాచి ఉన్న చోట చిగురు వాస్తుంది, వాచిన చిగురును ముట్టుకుంటే రక్తం వస్తుంది. “అంటే రక్తం రావడం బ్రష్షు చేసిన నేరం కాదు మాస్టారూ, మీరు తోమకుండా వదిలేసిన చోటు పెట్టుకున్న ఫిర్యాదు” అంది. ఈ దశలో శుభ్రం చేసుకుంటే చిగురు మళ్ళీ మామూలవుతుంది. ఉపేక్షిస్తే వాపు లోపలికి దిగి, పన్నును పట్టుకున్న ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక మాత్రం తిరిగి రాదు.

ఫిర్యాదు అనే మాట వినగానే పెదనాన్నలోని ప్రభుత్వోద్యోగి ఉలిక్కిపడ్డారు. గార తీయించుకోవడానికి ఒప్పుకున్నారు. ఇంటికొచ్చాక పెద్దమ్మ నెత్తీనోరూ బాదుకుంది. క్లీన్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని మా వంశంలో తరతరాల నమ్మకం. పెదనాన్న సాయంత్రమంతా నాలుకతో పళ్ళు తడుముకుంటూ కూర్చుని, “సందులే! ఎక్కడ తడిమినా సందులే! నా పళ్ళలో సగం ఆవిడ దగ్గరే ఉండిపోయాయి” అని తేల్చారు. ఆ సందులు ఎప్పటి నుంచో ఉన్నవేననీ, గార వాటిని పూడ్చి పెట్టిందనీ డాక్టరమ్మ ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. కుదిర్చింది దారం.

ఫ్లాస్ అని పిలిచే ఆ పళ్ళదారాన్ని చిన్న డబ్బీలో చుట్టి అమ్ముతారు. బ్రష్షు కుచ్చు పన్ను ముందు, వెనక, పైన తోముతుంది. పన్నూ పన్నూ ఆనుకున్న చోటికి దూరదు. అక్కడికి వెళ్ళేది దారమే. ఒక్కోసారి 45 సెంటీమీటర్లు తుంచుకోవాలి. “అంటే మూర!” అన్నారు పెదనాన్న, చిన్ననాటి స్నేహితుడు ఎదురైనంత సంబరంగా. రెండు మధ్యవేళ్ళకూ చుట్టుకుని, నడుమ అంగుళమో రెండంగుళాలో బిగువుగా పట్టుకోవాలి. ఒక్క ఊపున దింపితే చిగురు కోసుకుంటుంది. అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ దింపాలి. దిగాక దారాన్ని పన్ను నడుముకు వంచి, చిగురు అంచు లోపలి దాకా పైకీ కిందికీ రెండుమూడు సార్లు జరపాలి. అదే సందులో పక్కపన్నుకూ అదే సేవ. ప్రతి సందుకూ కొత్త దారం జరుపుకోవాలి, అందుకే మూరెడు. మొదట్లో రక్తం కనిపించినా మానకూడదని డాక్టరమ్మ ఆయన చేత ఒట్టు పెట్టించుకున్నంత పని చేసింది. ఒకటి రెండు వారాలకు నిజంగానే రక్తం ఆగింది.

ఆగింది రక్తం. మొదలైంది ఉపన్యాసం. మతం మారినవాడికి నామాలెక్కువ అంటారు కదా. పాలవాడు, గ్యాసు బండ కుర్రవాడు, పైడితల్లమ్మ గుడి దగ్గర కలిసిన పాత సహోద్యోగి, ఎవరు ఎదురైనా కుశలప్రశ్న ఒక్కటే: “మీకు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా?” 1815లోనే న్యూ ఆర్లియన్స్ నగరంలో పార్మ్లీ అనే దంతవైద్యుడు పట్టుదారంతో పళ్ళ సందులు శుభ్రం చేసుకొమ్మని రోగులకు చెప్పాడని ఆయన ఎక్కడో చదివారు. అప్పటికి మన కోట కట్టడం మొదలుపెట్టి వందేళ్ళు దాటింది, కోటలో ఇంత పట్టు ఉండి ఒక్కరికీ ఈ ఊహ రాలేదే అని ఆయన బాధ.

మా నాన్న ఊరుకునే రకం కాదు. 2016లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ రాసిన కథనం ఒకటి సంపాదించారు. అమెరికా ప్రభుత్వం తన ఆహార మార్గదర్శకాల్లోంచి ఫ్లాస్ మాట తీసేసిందనీ, దానికి ఉన్న రుజువులు బలహీనమనీ దాని సారాంశం. పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని, “చేసిన పరిశోధనలు చిన్నవి, కొద్దికాలానివి. రుజువు పలచగా ఉందన్నారు గానీ దారం పనికిరాదన్నారా? పద్దు సరిగ్గా రాయలేదని ఖర్చే జరగలేదంటావురా?” అన్నారు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన పక్షమే.

పెద్దమ్మకు ఆ దారంలో కనిపించిన ప్రయోజనం వేరు. అక్క పెళ్ళిచూపుల ముందురోజు రాత్రి గంపెడు మల్లెమొగ్గలు వచ్చాయి, అరటినార అయిపోయింది. గూట్లో డబ్బీ కనిపించింది. సన్నటి దారం, కాస్త పుదీనా వాసన, తడిసినా తెగదు, ఎంత లాగితే అంత వస్తుంది. పూలు మాలలయ్యాయి. డబ్బీ మూత యథాప్రకారం మూసి గూట్లోకి చేరింది.

మర్నాడు పెళ్ళివారు పొందూరు నుంచి ప్యాసింజరులో బయలుదేరారు. చీపురుపల్లి దాటామని ఫోను వచ్చేసరికి పెదనాన్న సువర్ణరేఖ మామిడిపండు టెంక చీకడం ముగించి, గూటి దగ్గరికి నడిచారు. డబ్బీ లాగితే మూరెడు రావలసిన చోట జానెడు వచ్చి ఆగిపోయింది. వేళ్ళకు చుట్టుకుంటే నడుమ ఏమీ మిగలదు. అయినా పీచు సలుపుతోంది, టైము లేదు. కొసలను వేళ్ళతో నొక్కి పట్టుకుని, అటూ ఇటూ ఆడించే ఓపిక లేక, చివరి రెండు దవడపళ్ళ మధ్యకు ఒక్క ఊపున దించారు. ఆ పళ్ళలో ఒకదానికి ఎప్పుడో సిమెంటు నింపి ఉంది. దారం దిగింది. మళ్ళీ పైకి రాలేదు.

గరివిడి దాటారని ఫోను వచ్చింది. పెదనాన్న పెరట్లో అద్దం ముందు నిలబడి ఉన్నారు. పెదవుల మూల నుంచి తెల్లటి కొసలు రెండు బయటికి వేలాడుతున్నాయి. లాగితే పన్నుతో సహా తల వస్తోంది తప్ప దారం రావడం లేదు. ఇల్లంతా అక్కడికి చేరింది. పెద్దమ్మ కొబ్బరినూనె తెచ్చింది. అత్త జామకాయ కొరకమంది. నాన్న, చిన్నప్పుడు ఊడే పన్నుకు చేసినట్టు, కొసను తలుపు గడియకు కట్టి తలుపు వేద్దామన్నారు; 2016 నాటి ఓటమి ఆయన ఇంకా మరిచిపోయినట్టు లేదు. కత్తెరతో కొసలు కత్తిరించేస్తే పైకి కనపడదని అక్క అంది. కత్తిరిస్తే తర్వాత పట్టుకోవడానికి ఏమీ మిగలదని పెదనాన్న రెండు చేతులూ అడ్డంగా ఊపి చెప్పారు. డాక్టరమ్మకు చేస్తే ఆదివారం కావడంతో ఫోను మోగుతూనే ఉంది. నెల్లిమర్ల వచ్చేసింది.

పెళ్ళివారు గుమ్మంలోకి వచ్చేసరికి పెదనాన్న కండువాతో నోరు కప్పుకుని కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ జోడించారు. “అన్నయ్యకు ఈరోజు మౌనవ్రతం” అన్నారు నాన్న. పెళ్ళికొడుకు తండ్రి భక్తిగా తల ఊపి, “ఏ దేవుడికండీ?” అని అడిగాడు. నాన్న ఇంతవరకూ ఆలోచించుకోలేదు. “అరసవల్లి స్వామికి, ఆదివారం కదండీ” అనేశారు. సూర్యనారాయణుడు అన్నీ చూస్తూనే ఉంటాడు.

చూసింది మాత్రం పెళ్ళికొడుకు నాయనమ్మ. బోసినోటి ముసలమ్మ, పొందూరులో చిన్ననాటి నుంచీ నూలు వడికిన చేయి. అక్కడ పత్తిని మొదట వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ ఎముకకున్న సన్నటి పళ్ళ వరుసలో నలక చిక్కుకుపోయి, దూది పోగులు తిన్నగా వస్తాయి. ఆ దూది నుంచి వంద కౌంటు సన్ననూలు తీసే కళ్ళకు కండువా అంచున తొంగిచూసే దారం కొస కనపడకుండా ఉంటుందా?

“ఆ పోగేమిటి నాయనా, నోట్లోంచి?”

పెదనాన్న కండువా దించక తప్పలేదు. ముసలమ్మ జాలి పడలేదు, నవ్వనూ లేదు. చెంబుతో నీళ్ళడిగి చేతులు కడుక్కుని, ఆయన గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. “దిగిన దారినే పైకి లాగుతున్నారు, అంచుకు పట్టేసింది. ఎలా వస్తుంది?” అంటూ నాలుక వైపున్న కొసను వదిలేసి, బుగ్గ వైపు కొసను పట్టుకుని, సందులోంచి అడ్డంగా మెల్లగా లాగింది. దారం చడీచప్పుడు లేకుండా మొత్తం వచ్చేసింది. చివర మామిడి పీచు కూడా ఉంది.

వ్రతభంగమైన పెదనాన్న అందరి ఎదుటా నోరు తెరిచి అన్న మొదటి మాట: “అమ్మా, మీకు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా?”

గది నిశ్శబ్దమైపోయింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ముసలమ్మ అప్పుడు నవ్వింది, నోరంతా తెరిచి. “చిగుళ్ళు తప్ప ఏమున్నాయి నాయనా నాకు? మా ఇంట్లో నిండుగా పళ్ళున్నది ఆ వాలుగ దవడకే.”

ఈ నవ్వుల మధ్య అక్క కాఫీ పళ్ళెంతో వచ్చింది. ఆమెతోబాటే పుదీనా వాసన కూడా వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి ముక్కు ఎగబీల్చి, “ఇవి ఏ రకం మల్లెలండీ?” అని అడిగింది. పెదనాన్న అక్క జడ వంక చూశారు, తర్వాత గూట్లో ఖాళీ డబ్బీ వంక, ఆ తర్వాత పెద్దమ్మ వంక. రిటైరైనా చేయి తిరిగిన లెక్కలు కదా, జడలో ఎన్ని మూరలున్నాయో పెదవులు కదుపుతూ లెక్క కట్టేశారు. పెళ్ళివారి ముందు కాబట్టి మళ్ళీ మౌనవ్రతం పట్టారు. ముసలమ్మ మాత్రం మాల కొస పట్టుకుని వేళ్ళ మధ్య నలిపి, ధర అడిగింది. డబ్బీ నూట యాభై అని నాన్న చెప్పగానే, “పళ్ళకా!” అని బుగ్గలు నొక్కుకుంది.

సోమవారం డాక్టరమ్మ చూసి, పాత సిమెంటు అంచు బయటికి పొడుచుకు వచ్చిందనీ, దారం ఒకే చోట పదేపదే చిక్కుకున్నా పోగులు విడిపోయినా అక్కడేదో తేడా ఉన్నట్టేననీ చెప్పి, దాన్ని అరగదీసి నున్నగా చేసింది. పెదనాన్న ఇప్పుడు డబ్బీని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. సంబంధం కుదిరింది, శ్రావణంలో ముహూర్తం. తాంబూలం సంచిలో అరటిపళ్ళు, రవికెగుడ్డతోబాటు తలా ఒక డబ్బీ దారం వెయ్యాలని ఆయన, వేస్తే పీటల మీద కూర్చోనని పెద్దమ్మ. సంచులకు ఆర్డరిచ్చేశారు గానీ, సైజు ఇంకా తేలలేదు.