కూలెంట్ ధార తగ్గించినా లేత్ ఆగదు

సోమవారం ఉదయం విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో లేత్ షెడ్డు షట్టర్ ఎత్తగానే ముందు ముక్కుకు తగిలేది కుళ్ళిన కోడిగుడ్డు వాసన. లేత్ మీద లోహాన్ని తిప్పుతూ కోసేటప్పుడు వేడి తగ్గడానికి పోసే నూనె కలిపిన నీళ్ళే కూలెంట్. ఆదివారమంతా సంపులో (అడుగు తొట్టిలో) కదలకుండా నిలిచిన దాని మీద నూనె తెట్టు కడుతుంది. అడుగున గాలి ఆడక ఒక రకం బాక్టీరియా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. లేత్ నడిపే టర్నర్ ఆ పాలలాంటి నీళ్ళలోనే చేతులు పెట్టి ఇనుప రజను తీస్తాడు. ముంజేతుల మీది దద్దుర్లు ఈ పనిలో మామూలేనంటారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను.

ధారగా నీళ్ళు పోస్తే కోత వేగం 30-40 శాతం పెంచవచ్చని అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ పందొమ్మిదో శతాబ్దంలోనే చూపించాడు. ఆనాటి ఉక్కు పనిముట్లకు అది అవసరం. నేటి కార్బైడ్ బిట్లు (గట్టి కోత మొనలు) అంతకంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. బిట్టే తిరుగుతూ కోసే మిల్లింగ్‌లోనైతే వేడెక్కి చల్లబడుతూ ఉండే బిట్‌కు కూలెంట్ వల్లనే సన్నని పగుళ్ళు వస్తాయి. పోత ఇనుములో ఉండే గ్రాఫైట్ కందెనలా పనిచేస్తుంది కనుక దాన్ని పొడిగానే కోయవచ్చు. కూలెంట్ పోస్తే కోతలో రాలే పొడి బురదై సంపులో పేరుకుంటుంది. అయినా అలవాటుకొద్దీ కుళాయి తిప్పుతూనే ఉన్నాం.

పూర్తిగా పొడిగా కుదరని చోట కనీస నూనె పద్ధతి ఉంది. కంప్రెసర్ గాలితో నూనెను సన్నని తుంపరగా చేసి సరిగ్గా బిట్ మొన మీదికి కొడతారు. గంటకు 50 మిల్లీలీటర్లు అనుకుంటే ఎనిమిది గంటల షిఫ్టుకు 400 మిల్లీలీటర్లు. నిమిషానికి పది లీటర్లు తిప్పే పంపు గంటలో 600 లీటర్లు పోస్తుంది. ఈ పద్ధతికి వెజిటబుల్ నూనెలు బాగా పనికొస్తాయి. మన దేశంలో కొబ్బరి నూనె మీద కూడా పరిశోధనలు జరిగాయి.

గ్రైండింగ్‌కు, లోతైన రంధ్రాలకు, టైటానియం వంటి మొండి లోహాలకు మాత్రం ఈ కొద్దిపాటి నూనె చాలా సందర్భాల్లో చాలదు. తుంపర గాలిలో తేలుతుంది కాబట్టి దాన్ని లాగేసే ఫ్యాను తప్పనిసరి. ఇలాంటి తుంపరకు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1998లో సూచించిన పరిమితి ఘనపు మీటరు గాలికి అర మిల్లీగ్రాము.

మరి ఇంతకాలం ఎందుకు మారలేదు? యజమాని లెక్కలో కూలెంట్ అంటే డ్రమ్ము ధర ఒక్కటే. నీళ్ళు, సంపు కడిగే రోజు ఆగిన పని, పారబోసే ఖర్చు, చర్మవ్యాధి మందులు ఏ పద్దులోనూ కనబడవు. ప్రమాదకర వ్యర్థాలపై 2016లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థం. దాన్ని శుద్ధి చేసే కేంద్రం పరవాడలో ఉన్నా, రెండు లేత్‌ల షెడ్డు యజమాని నాలుగు క్యాన్ల కోసం అంత దూరం బండి కట్టడు. కాలువలో పోస్తే అది చివరికి చేరేది మన సముద్రానికే.

అందుకే భారమంతా చిన్న షెడ్డు మీద వేయడం నాకు సమ్మతం కాదు. పని ఇచ్చే పెద్ద సంస్థలు కొనుగోలు షరతుల్లో పొడి కోతకు, కనీస నూనెకు చోటివ్వాలి. తుంపర కొట్టే నాజిల్, ఫ్యానుల ఖర్చులో కొంత పని రేటులో కలపాలి. ఆటోనగర్ మొత్తానికి వారానికొకసారి పాత కూలెంట్ సేకరించే బండి ఒకటి తిరగాలి. ఈలోగా పోత ఇనుము పని ఎక్కినప్పుడు కుళాయి కట్టేసి, రేగే ధూళిని లాగడానికి ఒక వ్యాక్యూమ్ గొట్టం పెట్టుకోవడం ఏ షెడ్డులోనైనా రేపే మొదలుపెట్టగల పని.