నాలుగు సున్నాల తర్వాత రెండు

ఓడల మీద నుంచి సముద్రంలో పడిపోయే కంటెయినర్ల గురించి నౌకా వ్యాపారులు చెప్పే ఒక లెక్క వారం రోజులుగా నా నిద్ర చెడగొడుతోంది. 2024లో ప్రపంచమంతటా సుమారు 25 కోట్ల కంటెయినర్లు ఓడలెక్కితే, కడలిపాలైనవి 576 అట. అంటే 0.0002 శాతం. ఎంత ముచ్చటైన అంకె! నాలుగు సున్నాలు వరసగా నిలబడి, ఆ చివరి రెండును పెళ్లిలో తెర పట్టినట్టు దాచేశాయి.

ఈ గణితం మన సఖినేటిపల్లి రేవుకు వచ్చిందనుకోండి. పంటు నరసాపురం వైపు సాగుతోంది. వశిష్ఠ గోదావరి నడిమధ్యలో ఒక మోటారు సైకిలు జారి బుడుంగున మునిగింది. బండిగలాయన లబోదిబోమంటున్నాడు. సరంగు గొంతు సవరించుకుని, "బాబుగారూ, ఈ రేవు దాటిన బండ్లన్నీ కలిపి చూస్తే మీది దశాంశ బిందువుకు అవతలెక్కడో ఉంటుంది" అన్నాడు. పక్కనున్న లెక్కల మాస్టారు తల ఊపారు. ఇంతలో ఒక మామ్మగారి కొబ్బరికాయల బస్తా దొర్లింది. "ఒక్క రోజు చూసి మాట్లాడకూడదమ్మా, పదేళ్ల సగటు చూడాలి" అన్నాడు సరంగు. తర్వాత మేక. ఆ తర్వాత మాస్టారి గొడుగు. అప్పుడు మాత్రం మాస్టారు తల ఊపలేదు. నిజంగా ఇలా మాట్లాడిన సరంగు పొడిబట్టలతో ఒడ్డు చేరతాడా?

ఓడ మీద మాత్రం చెల్లుతుంది. 2020 నవంబర్ 30న పసిఫిక్‌లో ఒన్ ఏపస్ అనే ఒక్క ఓడ 1,816 కంటెయినర్లు వదిలించుకుంది. అలలు పెద్దవి, నిజమే. ఓడ ఊగే లయలో సగం వ్యవధికోసారి అల వచ్చి తగిలితే, ఊయలను అదను చూసి తోసినట్టు ఊపు అంతకంతకూ పెరుగుతుంది. అప్పుడు వేగమో దారో మార్చాలి. మారిస్తే ఆలస్యం, నూనె ఖర్చు. మూలమూలకూ బిగించే ట్విస్ట్‌లాకులు, కట్టే ఇనుప కడ్డీలు అరిగాయేమో చూసుకోవాలి. బరువైనవి కిందా తేలికవి పైనా పేర్చాలి. అంబాజీపేటలో లారీకి మోకు బిగించే కుర్రాడికి తెలిసిన విద్యే ఇది. అసలు బరువెంతో తెలిస్తే కదా! నింపిన కంటెయినరు బరువు సరిచూసి చెప్పి తీరాలన్న నియమం వచ్చిందే 2016 జూలైలో. ఇక్కడ ధాన్యం కాటా దగ్గర రైతుకు మాత్రం తేమ, తాలు, తరుగు అంటూ తాతల నాటి నుంచీ గింజగింజకూ లెక్క.

పడిన పెట్టె అన్నిసార్లూ మునగదు. నీటిమట్టానికి జానెడు కింద నక్కి తేలుతుంది. అంతర్వేది నుంచి రాత్రివేటకు వెళ్లిన పడవ దాన్ని గుద్దుకుంటే అందులోని ఆరుగురికి అది ఎంత శాతమండీ? 2025 మేలో కొచ్చి దగ్గర 640 కంటెయినర్లతో ఎల్సా 3 అనే ఓడ మునిగింది. అది ఓడే మునగడం, వేరే సంగతి అంటారు. తీరానికి ఆ తేడా తెలియదు. కేరళ ఒడ్డున ఇసుకలో తెల్లటి ప్లాస్టిక్ గుళికలు, అచ్చం చేపగుడ్లలా. వాటిని ఏరింది ఎవరు? చేపలు కొనేవాడు లేక చేతులు ముడుచుకుని కూర్చున్నది ఎవరు? శాతాలు కట్టినవాడు మాత్రం కాదు!

కంటెయినరు పడితే చుట్టుపక్కల ఓడలకూ, దగ్గరి తీర దేశానికీ వెంటనే చెప్పి తీరాలని, సముద్రంలో ప్రాణాల భద్రత కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకున్న నియమం 2026 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మన గట్టు మీద కొబ్బరి లారీ నుంచి ఒక్క కాయ జారితే, వెనక సైకిలు తొక్కేవాడు "ఓయ్, కాయ పడింది!" అని కేకేస్తాడు. వాడికి ఓడలో ఉద్యోగం ఇప్పించగలవారెవరైనా ఉంటే చెప్పండి, దరఖాస్తు నేను రాసిపెడతాను.