కరెంటు పోయినా మోగే ఫోన్ అనే దురాచారం

మన సమాజంలో చాలా దురాచారాలు పోయాయి. సతీసహగమనం పోయింది. కన్యాశుల్కం పోయింది. (వరశుల్కం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.) ఏ సంస్కర్త కంటా పడకుండా ఇన్నాళ్లూ బతికిపోయిన దురాచారం ఒకటుంది. కరెంటు పోయినా మోగే ఫోన్. దాన్ని కూడా ఈమధ్యే మా ఇంట్లోంచి సాగనంపాం. రాగి తీగ పీకేసి గాజు తీగ (అదే, ఆప్టికల్ ఫైబర్) లాగారు.

ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి ఆ అనాగరిక పద్ధతి ఎలా నడిచేదో చెప్పాలి. ల్యాండ్‌లైన్ ఫోన్‌ని ప్లగ్గులో పెట్టే పనే ఉండేది కాదు. మాట ఏ తీగ మీద వచ్చేదో ఆ తీగ మీదే 48 వోల్టుల డీసీ కరెంటు కూడా ఎక్స్ఛేంజీ నుంచి వచ్చేది. అక్కడ వరసగా బ్యాటరీలు, అవి చాలకపోతే డీజిల్ జనరేటరు. ఊరంతా చీకటైనా రిసీవరు ఎత్తితే డయల్ టోన్ వినపడేది. చందాదారుడు చేయాల్సిందల్లా బిల్లు కట్టడం, ఫోన్ మీద అల్లిక గుడ్డ కప్పడం. ప్రజల్లో ఇంత సోమరితనాన్ని పెంచి పోషించిన వ్యవస్థ ఇన్నేళ్లు నడవడమే విచిత్రం.

గాజు తీగలో వెలుతురు ప్రవహిస్తుంది గానీ కరెంటు ప్రవహించదు. అందుకని కంపెనీవారు పెద్ద మనసుతో ఒక తెల్ల డబ్బా ఇచ్చారు. దాని అడాప్టరు మన ప్లగ్గులో ఉంటుంది, ఫోన్ తీగ దాని వీపున గుచ్చుకుని ఉంటుంది. వెలుతురుని మాటగానూ మాటని వెలుతురుగానూ మార్చే పని ఇప్పుడు మా టీవీ స్టాండు కింద జరుగుతోంది. అంటే ఎక్స్ఛేంజీలో ఓ ముక్క మా హాల్లోకి కాపురానికి వచ్చిందన్నమాట. కరెంటు ఖర్చు మాది, బ్యాటరీ పూచీ మాది, దుమ్ము దులపడం మాది, వేడెక్కితే కిటికీ తెరవడం మాది. ఇన్ని బాధ్యతలు అప్పగించినవారు జీతం గురించి ప్లాన్ కాయితంలో ఒక్క ముక్కా రాయకపోవడం పొరపాటున జరిగిందే అయి ఉంటుంది.

డబ్బా బిగించిన కుర్రాడు మంచివాడు. మా అత్తయ్యకి ఓపిగ్గా అన్నీ చెప్పాడు.

“పచ్చ లైట్లుంటే పరవాలేదు మామ్మగారూ. ఎర్ర లైటు వచ్చిందంటే లైను పోయినట్టు.”

“మరి కరెంటు పోతేనో నాయనా?”

“ఏ లైటూ వెలగదండి.”

“అది నాకూ తెలుసు. ఫోను సంగతి అడుగుతున్నా.”

“ఇన్వర్టరుంది కదండీ.”

“అది ఫ్యాన్లకీ లైట్లకీ ఇచ్చారయ్యా. ఈ ప్లగ్గుకి లేదు.”

“అంతేనా! ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గోడ కాస్త కొట్టించండి మామ్మగారూ. ఒక్క పూట పని.”

ఫోన్‌లో మాట్లాడటానికి గోడ కొట్టుకున్న నాగరికత ఇంతకు ముందు భూమ్మీద ఎక్కడైనా ఉందేమో చరిత్రకారులు తేల్చాలి. గోడ మీద ప్రేమ ఉన్నవాళ్ల కోసం బజార్లో చిన్న రౌటర్ యూపీఎస్ అమ్ముతున్నారు. దానికీ ఒక బ్యాటరీ, ఒక అడాప్టరు, ఒక లైటు. ఆ లైటు వెలుగుతోందో లేదో చూసుకునే ఉద్యోగం కూడా మనదే.

పాత ఫోన్ దేవుడిచ్చిన వరమని నేననడం లేదు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు, ఎంపీ కోటా ఉత్తరం కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఫోన్ లేనివాళ్లు పక్కింటి నంబరే తమదిగా ఇచ్చి చివర ‘పిపి’ అని రాసుకునేవారు. వానాకాలం ఫోన్ డెడ్ అయితే 198కి ఫిర్యాదు చేయడానికి మళ్లీ ఎవరింటికో వెళ్లాలి. లైన్లు కలిసిపోయి ఎవరిదో కట్నం బేరం మన చెవిన పడేది, తేలేదాకా పెట్టేయడానికి మనసొప్పేది కాదు. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు కేబుల్ తెగ్గొడితే వీధి వీధంతా మూగబోయేది. ఇవిగాక లైన్‌మన్‌కి దసరా మామూలు. కొత్త తీగతో ఈ బాధలు చాలావరకు లేవు. మాట గంట కొట్టినట్టు వినపడుతుంది. గాజు తీగని పాత సామాన్లవాడు కిలోల లెక్కన కొనడు కాబట్టి రాగి దొంగలకి దాని మీద ఆశ లేదు. ఎస్టీడీ రేటు తగ్గేదాకా రాత్రిళ్లు మేలుకునే అవసరం అసలే లేదు. ఇన్ని లాభాలుండగా, అవసరానికి మోగాలని కూడా కోరుకోవడం అత్యాశ కాక మరేమిటి?

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ ముందుచూపుని మెచ్చుకుని తీరాలి. 2017 డిసెంబరులో నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఇస్తామని ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు, గోతులు తవ్వే ఖర్చు లేకుండా తీగల్ని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఇందులో దాగిన సౌకర్యం తుపాను నాడు గానీ అర్థం కాదు. స్తంభం ఒరిగిందంటే కరెంటు, టీవీ, ఇంటర్నెట్, ఫోన్ ఒక్క దెబ్బకి పోతాయి. ఏది ఉందో ఏది పోయిందో అన్న టెన్షన్ ఉండదు. ఏక గవాక్ష విధానాన్ని ఇంత నిజాయితీగా అమలు చేసిన చోటు ఇంకోటి నాకు కనపడలేదు. కరెంటు పోయిందని 1912కి చెబుదామంటే ఫోన్‌కి కరెంటు లేదు. ఫోన్ పోయిందని చెబుదామన్నా అంతే.

“మొబైల్ ఉండగా ఈ గోలేమిటి?” అని కుర్రకారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సెల్ టవరుకీ బ్యాటరీ ఉంటుంది, దానికీ ఓ హద్దుంటుంది. కరెంటు ఉండి మొబైల్ చక్కగా పనిచేసే రోజున ఇంటి ఫోన్ కూడా చక్కగా పనిచేస్తుంది. మొబైల్ చేతులెత్తేసిన రోజున ఇదీ ఎత్తేస్తుంది. పెద్దన్న మాట జవదాటని తమ్ముణ్ని ఈ రోజుల్లో ఇంకెక్కడ చూస్తాం!

బ్రిటన్ వాళ్లకి ఈ పాటి గుండె ధైర్యం లేదు. అక్కడ రాగి తీగల ఫోన్లు 2025 చివరికల్లా ఆపేద్దామనుకుని, ఒంటరి ముసలివాళ్లు ఆపదలో నొక్కే అలారం బటన్లు ఈ లైన్ల మీదే నడుస్తున్నాయని 2027 జనవరికి వాయిదా వేసుకున్నారు. పైగా ల్యాండ్‌లైన్ తప్ప వేరే దిక్కులేనివాళ్లకి, కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర కాల్స్ వెళ్లే ఏర్పాటు కంపెనీలే చూడాలని అక్కడి నియంత్రణ సంస్థ చెప్పింది. కరెంటు పోవడమే వార్తయ్యే దేశంలో గంట బ్యాకప్పు! ఎండాకాలపు కోతల్లో పుట్టి పెరిగిన మనకి ఆ భాగ్యం కూడా అక్కర్లేదు.

నంబరు గురించి ఒక్క మాట. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరికల్లా దేశమంతా వచ్చింది. ఇంటి ఫోన్‌కి రాలేదు. కంపెనీ మారితే పాత నంబరు వదులుకోవాల్సిందే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలన్నారు, మొబైల్ నంబర్లకి చోటు చాలడం లేదట. మనవాళ్లు కిక్కురుమనకుండా జరిగి చోటిచ్చారు.

ఇక సేవల నాణ్యత. మొన్న గాలివానకి కరెంటు పోయి ఫోన్ ఆగితే మొబైల్ నుంచి కస్టమర్ కేర్‌కి చేశాను. ‘రిజిస్టరైన నంబరు నుంచి కాల్ చేయండి’ అంది రికార్డింగు. ఆ నంబరే పోయిందని చెప్పుకోవడానికి మీట లేదు. చివరికి మనిషి దొరికాడు.

“సార్, డబ్బా ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.”

“కరెంటు లేదండీ. ఆఫ్‌లోనే ఉంది.”

“వెరీగుడ్ సార్, సగం పని అయిపోయింది. కరెంటు రాగానే ఆన్ చేయండి.”

తెల్లారేసరికి కరెంటు వచ్చింది. దాని వెనకాలే మెసేజీ కూడా: మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?

నక్షత్రాలు అయిదూ ఇచ్చేశాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది నేనే కదా. ఆ హోదాలోనే కంపెనీవారికి ఒక విన్నపం పంపుకుంటున్నాను. హాల్లో ఎక్స్ఛేంజీ నడుపుతున్న చందాదారులందరినీ తాత్కాలిక ఉద్యోగులుగానైనా గుర్తించాలి. గాలివాన రాత్రులకి నైట్ అలవెన్సు ఇవ్వాలి. లైన్‌మన్ రావడం మానేశాడు కాబట్టి దసరా మామూలు ఇకమీదట మాకే చేరాలి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసిన డిస్టిల్డ్ వాటర్ బిల్లు దీనితో జత చేశాను.