గుండిగ బోర్లిస్తే సుల్తాను దిగాలి

రాజ్యాంగ శాస్త్రం మీద లావుపాటి గ్రంథాలు చాలానే వచ్చాయి. అధికార విభజన, న్యాయసమీక్ష, అవిశ్వాస తీర్మానం అంటూ పేజీలు నింపిన పండితులలో వంటింటి ఊసు ఎత్తినవాడు ఒక్కడూ నాకు కనిపించలేదు. ఈ ఘోరమైన లోటును పూడ్చే సదుద్దేశంతో, ఆరు వందల ఏళ్లకు పైగా నిలిచిన ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను. దీన్నే ఉస్మానియా సామ్రాజ్యం అని కూడా అంటారు. మన విశ్వవిద్యాలయం పేరు నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది కనుక విద్యార్థులు కంగారు పడనక్కరలేదు.

ఆ సామ్రాజ్యానికి వెన్నెముక జానిసరీ దళం. 14వ శతాబ్దంలో మొదలైంది. క్రైస్తవ గ్రామాల నుంచి మగపిల్లలను తీసుకువచ్చి, మతం మార్చి, సుల్తానుకు తప్ప మరెవరికీ చెందని సైనికులుగా పెంచేవారు. ఐరోపా రాజులు వీళ్ల పేరు వింటే వణికేవారు. ఇంతటి వీరుల ఒక్కో పటాలానికి అధిపతి హోదా ఏమిటో తెలుసా? చోర్బాజీ. అంటే సూపు కాచేవాడు. మన హోటళ్లలో పరోటాతో పోసే శేర్వాకూ ఈ చోర్బాకూ పుట్టిల్లు ఒకటే, ఫారసీ షోర్బా. ఆయన కింద వంటపెద్ద ఒక అధికారి. సైనికుడి టోపీకి ముందు భాగంలో, ఇతర దేశాలవాళ్లు ఈకలు పెట్టుకునే చోట, చెంచా పెట్టుకోవడానికి ఒక గొట్టం ఉండేది. దేనికోసం బతుకుతున్నామో నెత్తిన పెట్టుకుని తిరిగిన నిజాయితీపరులు. అంత నిజాయితీ ఇప్పటి రాజకీయ టోపీలలో వెతికినా దొరకదు.

ప్రతి పటాలానికీ ఒక పెద్ద గుండిగ. అదే వాళ్ల జెండా, అదే గుడి. యుద్ధంలో గుండిగ శత్రువు చేతికి చిక్కితే అంతకు మించిన అవమానం లేదు. జీతాల రోజున తోప్‌కాపీ రాజభవనం ఆవరణలో సూపు పోసేవారు. సైనికులు ఆత్రంగా తాగితే రాజ్యం క్షేమం. గిన్నెలు ముట్టకుండా నిలబడితే మంత్రుల గొంతులో తడి ఆరేది. గూఢచారి వ్యవస్థకు కోట్లు తగలేసే ప్రభుత్వాలు ఈ పద్ధతిని పరిశీలించాలని నా సవినయ మనవి. రంజాన్ నెల 15వ రోజున పది మందికొక పళ్లెం లెక్కన అంతఃపురం నుంచి బక్లావా వెళ్లేది. సుల్తాను మిఠాయి తినిపించి మరీ విధేయత కొనుక్కునేవాడు.

ఇక అవిశ్వాస తీర్మానం. గుండిగను ఎత్తుకొచ్చి మైదానంలో బోర్లించడమే. నీ కూడు మాకొద్దు అని దాని అర్థం. చర్చ లేదు, ఓటింగు లేదు, సభాపతి నిర్ణయం వాయిదా పడే ప్రమాదం అసలే లేదు. పైగా కొత్త సుల్తాను గద్దెనెక్కినప్పుడల్లా దళానికి బక్షీసు ముట్టాలి. అవును, మన బక్షీసే, మాట కూడా అదే. గద్దె మారితే జేబు నిండుతుందని తెలిశాక ఏ సుల్తాను పాలన మాత్రం బాగుంటుంది? 1617 నుంచి 1623 దాకా ఆరేళ్లలో నాలుగుసార్లు గద్దె చేతులు మారింది. అందులో ముస్తఫా ఒక్కడే రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగాడు.

మధ్యలో రెండవ ఉస్మాన్ అనే కుర్రవాడికి వీళ్లను వదిలించుకుని వేరే సైన్యం కట్టాలన్న ఆలోచన పుట్టింది. 1622లో వాళ్లే అతణ్ని దించి చంపేశారు. నిండా పద్దెనిమిదేళ్లు లేవు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చూశాం గానీ, వీళ్లు ఇంటి యజమానినే లెక్కలోంచి తీసేశారు.

తరువాతి కాలంలో యుద్ధాలు తగ్గి వ్యాపారాలు పెరిగాయి. పెళ్లిళ్లు చేసుకున్నారు, కొడుకులను పద్దులో రాయించారు, దుకాణాలు తెరిచారు. జీతపు చీట్లు అంగట్లో సరుకులా అమ్ముడుపోయేవి. కత్తి పట్టనివాడు కూడా ఆ చీటీ కొనుక్కుని సైనికుడి జీతం తీసుకునేవాడు. పనికీ జీతానికీ మధ్య ఉన్న అనవసరపు బంధాన్ని తెంచిన ఘనత నేటి కాలానిదేనని చెప్పి దాన్ని కూడా మన ఖాతాలో వేసుకోవాలని చూడకండి.

1808లో గద్దెనెక్కిన రెండవ మహమూద్ పద్దెనిమిదేళ్లు ఓపిక పట్టాడు. ఆ లోగా ఫిరంగి దళాన్ని తనవైపు తిప్పుకున్నాడు. 1826 జూన్‌లో జానిసరీలు అలవాటు ప్రకారం ఇస్తాంబుల్‌లోని మాంసపు మైదానంలో గుండిగలు బోర్లించారు. ఈసారి సుల్తాను బక్షీసు పంపలేదు. ఫిరంగులు పంపాడు. బారకాసులు తగలబడ్డాయి, వేలమంది చచ్చారు, వాళ్ల సమాధిరాళ్లను సైతం పగలగొట్టించారు. ఈ ఊచకోతకు ప్రభుత్వం పెట్టిన అధికారిక నామం 'శుభ సంఘటన'. పేర్లు పెట్టడంలో ప్రభుత్వాల ప్రతిభకు దేశకాలాలు అడ్డు రావు.

వాళ్ల స్థానంలో పెట్టిన కొత్త సైన్యానికీ మంచి పేరే దొరికింది. 'మహమ్మద్ ప్రవక్త విజయ సేన'. మూడేళ్లు తిరిగేసరికి, 1829లో, రష్యా సైన్యం ఒకప్పటి ఒట్టోమన్ రాజధాని ఎదిర్నే నగరంలోకి వచ్చి కూర్చుంది.